సౌండ్ కార్డుతో గామా వర్ణపటం: బెజవాడ మేడగదిలో మూడు ఉచిత సాఫ్ట్‌వేర్‌లు

విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంటి మేడగదిలో ఏడాదికి పైగా, రేడియోధార్మిక పదార్థాల నుంచి వచ్చే గామా కిరణాలను పసిగట్టే ఒక సోడియం అయొడైడ్ సింటిలేషన్ డిటెక్టర్ పనిచేస్తోంది. దాని పల్సులను లెక్కపెట్టి గామా వర్ణపటంగా మలచడానికి ఈ కాలంలో పీఆర్ఏ, థెరెమినో ఎంసీఏ, ఇంటర్‌స్పెక్ అనే మూడు ఉచిత సాఫ్ట్‌వేర్‌లను వాడి చూశాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. పల్సులను సేకరించడానికి పీఆర్ఏ, సేకరించిన వర్ణపటాన్ని చదవడానికి ఇంటర్‌స్పెక్ పెట్టుకుంటే ఇంట్లోనే ప్రయోగాలు చేసుకునేవారికి సరిపోతుంది. థెరెమినో నేర్చుకునేవారికి చక్కగా ఉపకరిస్తుంది గానీ అందులోని ఒక సౌకర్యాన్ని చాలా జాగ్రత్తగా వాడాలి. ఎందుకో కింద వివరిస్తాను. ఈ రంగంలో సాఫ్ట్‌వేర్ విలువను అది గీసే బొమ్మ అందాన్నిబట్టి కాక, డిటెక్టర్ నిజంగా చూసినదాన్ని మన కంటికి దాచకుండా చూపించే తీరునుబట్టి కట్టాలని నా నమ్మకం.

పరిచయం లేనివారికి పనితీరు కొంత చెప్పాలి. గామా కిరణం థాలియం కలిపిన సోడియం అయొడైడ్ స్ఫటికంలో శక్తిని వదిలితే అక్కడ చిన్న నీలి మెరుపు పుడుతుంది. రాబర్ట్ హాఫ్‌స్టాడ్టర్ 1948లో ఈ పదార్థపు గుణాన్ని బయటపెట్టినప్పటి నుంచి నేటిదాకా తక్కువ ఖర్చులో ఎక్కువ వెలుగునిచ్చే స్ఫటికంగా దీనికి పేరుంది. ఆ మెరుపును ఫోటోమల్టిప్లయర్ గొట్టం విద్యుత్ పల్సుగా మారుస్తుంది. కిరణం వదిలిన శక్తి ఎంత ఎక్కువైతే పల్సు అంత ఎత్తుగా ఉంటుంది. పల్సుల ఎత్తులను కొలిచి, ఏ ఎత్తువి ఎన్ని వచ్చాయో వేర్వేరు చానళ్లలో పోసుకుంటూ పోతే అదే వర్ణపటం. ప్రయోగశాలల్లో ఈ పనికి ఖరీదైన మల్టీచానల్ అనలైజర్ ఉంటుంది. మన ఇళ్లలో ఆ పని కంప్యూటర్ సౌండ్ కార్డు చేస్తుంది. అయితే స్ఫటికపు మెరుపు పావు మైక్రోసెకనులో ఆరిపోతుంది, సెకనుకు 48,000 సార్లు కొలిచే సౌండ్ కార్డుకు ఒక కొలతకూ మరో కొలతకూ మధ్య దాదాపు 21 మైక్రోసెకన్లు పడుతుంది. అందువల్ల డిటెక్టర్‌కు జతచేసిన చిన్న సర్క్యూట్ పల్సును వంద మైక్రోసెకన్లకు పైగా సాగదీసి సౌండ్ కార్డుకు అందిస్తుంది. ఈ పద్ధతికున్న బలమూ బలహీనతా రెండూ ఆ సాగదీతలోనే ఉన్నాయి. మామూలు కంప్యూటరుతో పని జరిగిపోతుంది. కానీ సెకనుకు వచ్చే పల్సులు కొన్ని వందలు దాటితే ఒకదాని మీద ఒకటి పడి కొలత చెడిపోతుంది.

పీఆర్ఏ సిడ్నీ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. చూడటానికి పాతకాలపు కిటికీలు, చిన్న అక్షరాలు, ఆకర్షణ లేని బొమ్మ. అయినా దాని మూలంలో ఉన్న ఆలోచన ఎంతో సమంజసమైనది. మొదట మంచి పల్సులను కొన్ని వందలు తీసుకొని వాటి సగటు ఆకారాన్ని ఒక నమూనాగా దాచుకోమంటుంది. ఆ తరువాత వచ్చే ప్రతి పల్సునూ ఆ నమూనాతో పోల్చి, మనం నిర్ణయించిన హద్దుకు మించి తేడా ఉంటే దాన్ని పక్కన పడేస్తుంది. రెండు పల్సులు కలిసిపోయి వచ్చినా, స్విచ్చి వేసినప్పుడు తీగలో చిటపట పుట్టినా వాటి ఆకారం నమూనాకు సరిపడదు కనుక అవి వర్ణపటంలోకి చేరవు. ఈ హద్దును బిగించేకొద్దీ శిఖరాలు, అంటే ఒకే శక్తి ఉన్న పల్సులు పోగుపడిన చోట వర్ణపటంలో లేచే ఎత్తులు, సన్నబడతాయి, లెక్కకు వచ్చే పల్సులు తగ్గుతాయి. ఎంత బిగించాలన్నది మన చేతిలో ఉంటుంది, ఎన్ని పోగొట్టుకుంటున్నామన్నది కళ్ల ముందు కనిపిస్తుంది. నేను ముందు హద్దును చాలా వదులుగా పెట్టి ఒక గంట, తరువాత అంచెలంచెలుగా బిగిస్తూ గంట చొప్పున లెక్కించి, శిఖరం వెడల్పు ఇక తగ్గకుండా పల్సులు మాత్రమే తగ్గడం మొదలైన చోట ఆగాను. ఎవరికైనా ఇదే పద్ధతి సూచిస్తాను.

మొదటి నెలలో నాకెదురైన ఇబ్బందిని కూడా రాయాలి, ఎందుకంటే కొత్తవారు చాలామంది ఇక్కడే విసిగిపోయి మానేస్తారు. గవర్నర్‌పేటలో ఒక దుకాణంలో కొన్న చిన్న యూఎస్‌బీ సౌండ్ అడాప్టరుకు మైకు రంధ్రం తప్ప, సంకేతాన్ని అంతగా పెంచకుండా తీసుకునే లైన్-ఇన్ రంధ్రం లేదు. దానితో తీసిన నమూనా పల్సును తెరమీద పెద్దదిగా చేసి చూస్తే, గుండ్రంగా లేచి దిగవలసిన పల్సు పైన కత్తిరించినట్టు బల్లపరుపుగా ఉంది, దిగిన తరువాత సున్నా గీతకు కిందికి జారి తిరిగి లేస్తోంది. మైకు కోసం పెట్టిన అదనపు ఆంప్లిఫికేషన్ వల్ల పెద్ద పల్సులన్నీ ఒకే ఎత్తుకు కుదించుకుపోయాయి. అడాప్టరు మార్చాక కూడా శిఖరాలు అటూ ఇటూ కదులుతూనే ఉన్నాయి. చివరికి కంప్యూటరు ధ్వని సెట్టింగుల్లో గొంతును మెరుగుపరచడానికి పెట్టిన స్వయంచాలక సవరణలు అన్నింటినీ ఆపాక గానీ సర్దుకోలేదు. మన చెవికి మేలు చేసే ఆ సవరణలు పల్సు ఎత్తును ఎప్పటికప్పుడు మార్చేస్తాయి, ఎత్తే మారితే ఇక శక్తి కొలతకు అర్థం ఉండదు. లాప్‌టాప్ చార్జరు పెట్టి ఉన్నప్పుడు 50 హెర్ట్జ్ కరెంటు అల కూడా పల్సుల కింద కనిపించేది, చార్జరు తీసేస్తే పోయింది. ఈ లోపాలన్నింటినీ పట్టించింది ఆ పల్సు ఆకారపు కిటికీయే. అందుకే మొదటి రోజు వర్ణపటం జోలికి పోకుండా పల్సును మాత్రమే చూస్తూ కూర్చోవడం మంచిది.

తరువాతి మెట్టు కెలిబ్రేషన్, అంటే ఏ చానల్ ఎన్ని కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (కిరణాల శక్తిని కొలిచే ప్రమాణం) శక్తికి సరిపోతుందో నిర్ణయించుకోవడం. విదేశాల్లో ఔత్సాహికులు ఇందుకు సీజియం-137 బిళ్లలు వాడుతుంటారు. మన దేశంలో రేడియోధార్మిక మూలకాలను దగ్గర పెట్టుకోవడం అణుశక్తి చట్టాలకు, 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనలకు లోబడిన విషయం. కనుక అటువంటివి ఎక్కడినుంచీ తెప్పించుకునే ఆలోచనే పెట్టుకోకూడదు. సూర్యలంక నుంచి నల్ల ఇసుక తెచ్చి చూడమని ఒకరిద్దరు మిత్రులు సలహా ఇచ్చారు. ఇసుకలో దొరికే, థోరియం ఉన్న మొనజైటు ఖనిజం ప్రభుత్వ నియంత్రణలోని నిర్దేశిత పదార్థం కనుక నేను తేలేదు. 2010లో ఢిల్లీ మాయాపురి పాత ఇనుము దుకాణాల్లోకి చేరిన కోబాల్ట్-60 ఒక మనిషి ప్రాణం తీసింది. ఆటోనగర్‌లో రోజూ ఎంతో ఇనుము చేతులు మారే మన ఊరివారు ఆ సంగతి గుర్తుంచుకోవడం అవసరం.

అదృష్టవశాత్తూ కెలిబ్రేషన్‌కు కావలసిన అతి మంచి పదార్థం మిరప పండే మన ప్రాంతంలో ప్రతి ఎరువుల దుకాణంలోనూ ఉంది. అదే పొటాష్. గుంటూరులో మా మేనమామ ఇంటికి వెళ్లినప్పుడు దగ్గరలోని దుకాణంలో ఒక్క కిలో అడిగితే, "బస్తా విప్పి ఉంది, తీసుకోండి మాస్టారూ, కుండీల్లో మొక్కలకేనా? చిటికెడే వేయండి, మాడిపోతాయి" అని ఆ దుకాణదారు ఎంతో శ్రద్ధగా హెచ్చరించి మరీ కట్టి ఇచ్చాడు. ప్రకృతిలోని పొటాషియంలో 0.0117 శాతం రేడియోధార్మికమైన పొటాషియం-40. ఒక గ్రాము పొటాషియంలో సెకనుకు సుమారు 31 విఘటనలు జరుగుతాయి. పొటాషియం ఆక్సైడ్ లెక్కన 60 శాతం పొటాష్‌గా అమ్మే ఎరువులో బరువులో దాదాపు సగం పొటాషియమే కనుక, కిలో పొట్లంలో సెకనుకు 15,000కు పైగా విఘటనలు ఉంటాయి. వాటిలో నూటికి పది పదకొండు మాత్రమే 1461 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాన్ని ఇస్తాయి. అంటే సెకనుకు 1,600 పైచిలుకు కిరణాలు. పొట్లాన్ని స్ఫటికం చుట్టూ సర్ది గంటసేపు వదిలితే తెరమీద ఒంటరి కొండలా ఆ శిఖరం నిలబడుతుంది. పొలానికి చల్లే ఎరువే అయినందువల్ల భయపడవలసిన పని లేదు, అనుమతులు అక్కరలేదు, అర్ధాయువు 125 కోట్ల ఏళ్లు కనుక కాలం తీరిపోతుందన్న చింతా లేదు.

ఒక్క బిందువు చాలదు. సోడియం అయొడైడ్ ఇచ్చే వెలుగు తక్కువ శక్తుల వద్ద శక్తికి సరిగ్గా అనులోమంగా ఉండదు కనుక, రెండు బిందువుల మధ్య సరళరేఖ గీసి ఊరుకుంటే కింది భాగం తప్పుతుంది. నా దగ్గర పూర్వం పెళ్లి ఊరేగింపుల్లో వాడిన పెట్రోమాక్స్ దీపపు పాత మాంటిల్ ఒకటి ఉంది. దానిలోని థోరియం కుటుంబం 239, 583, 911, 2614 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద శిఖరాలనిస్తుంది. ఆ నాలుగూ, పొటాష్ ఒకటీ కలిపి ఐదు బిందువులతో వక్రరేఖ వేసుకున్నాక నా వర్ణపటం కుదురుకుంది. మాంటిల్‌ను మూసిన ప్లాస్టిక్ సంచిలోంచి బయటికి తీయకూడదు, వెలిగించకూడదు. దాని బూడిద ఊపిరిలోకి పోవడమే అసలు ప్రమాదం. ఇంకొక జాగ్రత్త ఉంది. 1592 దగ్గర కనిపించే చిన్న బొడిపెను చూసి కొత్త ఐసోటోపు దొరికిందనుకోకూడదు. 2614 కిరణం స్ఫటికంలో ఎలక్ట్రాన్, పాజిట్రాన్ జంటగా మారినప్పుడు వెలువడే రెండు 511 కిరణాలూ బయటికి తప్పించుకుంటే మిగిలేది అదే శక్తి.

ఇక మన ఊరికే ప్రత్యేకమైన సమస్య ఎండ. సాఫ్ట్‌వేర్ సూచనల్లో దీని గురించి ఒకటి రెండు మాటలే ఉంటాయి, ఎందుకంటే అవి రాసినవారి ఊళ్లలో మే నెల మేడగది ఉండదు. వేడి పెరిగితే స్ఫటికం ఇచ్చే వెలుగూ, గొట్టం చేసే ఆంప్లిఫికేషనూ రెండూ మారతాయి. కిందటి వేసవిలో తెల్లవారుజామున 30 డిగ్రీలున్న గది మధ్యాహ్నం రెండింటికి 42కు చేరిన ఒక రోజు, పొటాష్ శిఖరం ఉదయం ఉన్న చోటు నుంచి సుమారు 50 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు ఎడమకు జరిగిపోయింది. నా డిటెక్టర్‌కు ఆ శక్తి దగ్గర శిఖరపు వెడల్పే 75 ఉంటుంది కనుక, ఉదయం నుంచి సాయంత్రం దాకా ఒకే లెక్కగా తీసిన వర్ణపటంలో శిఖరం సాగిన పిండిలా అడ్డంగా పరుచుకుంది. డిటెక్టర్‌ను నిందించి లాభం లేదు. పరిష్కారంగా నేను ఒకే పెద్ద లెక్క మానేసి గంటగంటకూ ఒక ఫైలు దాచి, ప్రతిదాని పేరులో గది ఉష్ణోగ్రత రాసి, తరువాత ఒక్కొక్కదాన్ని విడిగా కెలిబ్రేట్ చేసి కలపడం మొదలుపెట్టాను. శ్రమే. అయినా ఫలితం చూశాక ఆ శ్రమ ఎక్కువనిపించలేదు. వీలైనవారు డిటెక్టర్ చుట్టూ థర్మాకోల్ పెట్టె కట్టి, రాత్రి పదింటి నుంచి ఉదయం ఆరింటి దాకా లెక్కపెడితే సగం బాధ తప్పుతుంది. మరొక మాట, ఈ స్ఫటికం తేమను పీల్చుకొని పసుపెక్కి పాడవుతుంది. దాని అల్యూమినియం తొడుగును ఎంత ఆసక్తి ఉన్నా విప్పకూడదు.

థెరెమినో ఎంసీఏ ఇటలీ నుంచి వచ్చిన, మూలసంకేతం (సోర్స్ కోడ్) అందరికీ తెరిచి ఉన్న సాఫ్ట్‌వేర్. అమర్చిన అరగంటలోనే వర్ణపటం కనిపిస్తుంది, ఏ శిఖరం ఏ ఐసోటోపుదో గుర్తులు తెరమీదే వస్తాయి, శక్తి వంకరలను పాటల ఈక్వలైజరులాంటి జారుడు మీటలతో సరిచేయవచ్చు. విద్యార్థుల ముందు పెట్టి చూపించడానికి దీన్ని మించినది లేదు. మా పక్కింటి ఇంటర్ విద్యార్థికి నేను మొదట చూపించింది దీన్నే, మాంటిల్‌ను దగ్గరికి జరిపితే శిఖరాలు లేవడం, దూరం జరిపితే కుంగడం అతడు ఎంతోసేపు చూస్తూ ఉండిపోయాడు.

అభ్యంతరమంతా రిజల్యూషన్ కాంపెన్సేషన్ అనే మీట దగ్గరే. డిటెక్టర్‌కు ఉన్న మసకను గణితంతో వెనక్కి లెక్కవేసి శిఖరాలను సన్నగా చూపించడం దాని పని. లెక్కకు వచ్చిన పల్సులు లక్షల్లో ఉండి, శిఖరాలు నిజంగానే ఉన్నప్పుడు అది సాయం చేస్తుంది. పల్సులు తక్కువగా ఉన్నప్పుడు మాత్రం యాదృచ్ఛికంగా లేచిన ఒడిదుడుకులను కూడా అంతే నమ్మకంగా శిఖరాలుగా దిద్దిపెడుతుంది. నేపథ్యాన్ని, అంటే దగ్గర ఏ పదార్థమూ పెట్టకపోయినా చుట్టుపక్కల నుంచి వచ్చే కిరణాలను, పది నిమిషాలే లెక్కించి ఆ మీటను పూర్తిగా పెంచి చూశాను. ఐదారు చక్కని శిఖరాలు వచ్చాయి, రెండోసారి పది నిమిషాలు లెక్కిస్తే అవి లేవు, వేరేచోట వేరేవి వచ్చాయి. రాత్రంతా లెక్కించిన ముడి వర్ణపటంలో ఆ రెండు జట్లలో ఏదీ లేదు. మీట తప్పేమీ చేయలేదు, చేయమన్న పనే చేసింది. కానీ దాన్ని పెంచి తీసిన బొమ్మను ఇతరులకు చూపించేవారు పక్కనే ముడి బొమ్మను కూడా పెట్టాలి, లేకుంటే చూసినవారు లేని ఐసోటోపును ఉందని నమ్ముతారు.

ఇంటర్‌స్పెక్ పల్సులను సేకరించదు. సేకరించిన ఫైలును చదివి విశ్లేషించడమే దాని పని. అమెరికాలోని శాండియా జాతీయ ప్రయోగశాలలు తయారుచేసి ఉచితంగా, మూలసంకేతంతో సహా విడుదల చేశాయి. కంప్యూటరులోనే కాక ఫోనులోనూ నడుస్తుంది. పీఆర్ఏలో దాచిన పట్టికను ఇందులో తెరిచి, శిఖరం మీద రెండుసార్లు నొక్కితే చాలు, కింది నేపథ్యపు వాలును విడదీసి శిఖరంలో ఎన్ని పల్సులున్నాయో, ఆ సంఖ్యలో అనిశ్చితి ఎంతో కలిపి చెబుతుంది. అనిశ్చితి చెప్పడమే నాకు దీనిమీద గౌరవం కలిగించిన సంగతి. ఐసోటోపు పేరు టైపు చేస్తే, అది వెలువరించే గామా కిరణాల శక్తులను చూపే గీతలన్నీ వాటి వాటి బలాలతో వర్ణపటం మీద నిలబడతాయి. ఒక్క గీత కలిసిందని సంబరపడకుండా, మిగతా గీతలు కూడా ఉండవలసిన చోట, ఉండవలసినంత ఎత్తులో ఉన్నాయో లేదో చూసుకోవచ్చు. 186 దగ్గర శిఖరం కనిపిస్తే అది రేడియం-226దా, యురేనియం-235దా అన్నది సోడియం అయొడైడ్ ఎన్నటికీ తేల్చలేదు. ఆ రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడి ఉండడం ఇందులో చూస్తే ఆ పరిమితి కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది.

దీన్ని పరీక్షించడానికి మన చుట్టూ ఉన్న రాళ్లూ ఇటుకలే తీసుకున్నాను. మా వంటింటి గట్టు మీద ఉన్నది చీమకుర్తి నల్లరాయి. వ్యాపారంలో దాన్ని గ్రానైటు అన్నా భూగర్భశాస్త్రం ప్రకారం అది గాబ్రో జాతి శిల, పొటాషియం తక్కువ. అదే బరువున్న ఎర్ర గ్రానైటు ముక్కతో పోల్చి రాత్రికొకటి చొప్పున లెక్కిస్తే, ఎర్రరాయిలో 1461 శిఖరం స్పష్టంగా నేపథ్యానికి పైన లేచింది, నల్లరాయిది నేపథ్యంలోనే కలిసిపోయింది. ఆ తరువాత ఒక మట్టి ఇటుక, ఒక ఫ్లైయాష్ ఇటుక. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం దగ్గరలో ఉన్నందున మన ఊళ్లో బూడిద ఇటుకల వాడకం మామూలే. బొగ్గులోని కార్బన్ కాలిపోయినా అందులో సహజంగా ఉన్న యురేనియం, థోరియం కుటుంబాలు చాలావరకు బూడిదలో మిగిలిపోతాయి కనుక తేడా ఉండవచ్చని ఊహించాను. పన్నెండేసి గంటల లెక్కలో, బరువుకు సవరించాక, బూడిద ఇటుకలో 609 దగ్గర బిస్మత్-214 శిఖరమూ, 2614 దగ్గర థాలియం-208 శిఖరమూ మట్టి ఇటుకకన్నా ఎత్తుగానే ఉన్నాయి. ఒక్కొక్క ఇటుకతో చేసిన ఈ పోలికను పట్టుకొని ఇంటి ఆరోగ్యం గురించి ఎవరూ నిర్ణయాలు చేయకూడదు. బెక్వెరళ్లలో, అంటే సెకనుకు ఎన్ని విఘటనలో చెప్పాలంటే ఆయా శక్తుల వద్ద డిటెక్టర్ నూటికి ఎన్ని కిరణాలను పట్టుకుంటుందో తెలియాలి. పొటాష్ పొట్లం నాకు ఒక్క 1461 దగ్గరే, అదీ ఇటుక ఆకారంలో సర్దినప్పుడే ఆ సమాధానం ఇస్తుంది.

మూడింటిలో పీఆర్ఏ విలువ నాకు పూర్తిగా తెలిసింది తొలకరి రోజున. జూన్‌లో మొదటి పెద్ద వాన కురిసి ఆగగానే, వరండాలో పరిచిన ప్లాస్టిక్ పట్టా మీది నీటిని పాత నూలు గుడ్డతో అద్ది, గుడ్డను సంచిలో మూసి స్ఫటికానికి ఆనించి, పది నిమిషాలకొక లెక్క చొప్పున దాచమని పెట్టాను. నేలలోంచి లేచే రాడాన్ వాయువు విఘటన నుంచి పుట్టే సీసం-214, బిస్మత్-214 గాలిలోని ధూళికి అంటుకొని తిరుగుతుంటాయి, వాన వాటిని కిందికి దించుతుంది. మొదటి ఫైలులోనే 352, 609 శిఖరాలు నేపథ్యం మీద లేచి కనిపించాయి. సీసం-214 అర్ధాయువు 27 నిమిషాలు, బిస్మత్-214ది 20. నాలుగో ఫైలుకు శిఖరాలు దాదాపు సగానికి వచ్చాయి, రెండు గంటలు గడిచేసరికి గుడ్డ ఉన్న లెక్కకూ లేని లెక్కకూ తేడా కనబడలేదు. ఇంటి వరండాలో అర్ధాయువును గడియారం పెట్టి చూడగలగడం నేను పాతికేళ్లు పాఠంగా చెప్పిన విషయానికి దొరికిన మొదటి సొంత అనుభవం.

గుంటూరులో ఫిజిక్స్ చెప్పే మా తమ్ముడు తన కాలేజీ ల్యాబుకు ఏది అమర్చాలని అడిగితే ఇదే క్రమం చెప్పాను. లైన్-ఇన్ ఉన్న సౌండ్ కార్డు చూసి కొనమన్నాను, స్వయంచాలక సవరణలు ఆపి ధ్వని మట్టాన్ని ఒకచోట బిగించి ఆ అంకెను గోడమీద రాసిపెట్టమన్నాను. పిల్లలకు మొదటి తరగతిలో థెరెమినో చూపించి, లెక్కలు మాత్రం పీఆర్ఏలో తీయించి, ఇంటర్‌స్పెక్‌ను వాళ్ల ఫోన్లలో పెట్టించి ఆ ఫైళ్లను ఇంటి దగ్గర చదివించమన్నాను. పొటాష్ పొట్లం ఇక్కడినుంచి పంపనక్కరలేదు, అది వాళ్ల వీధి చివరే దొరుకుతుంది.